బూట్ అయ్యే వేళ పరికరాల కరెంటు: ఆన్ చేసింది ఒకరు, ఆపాల్సింది మరొకరు

క్లుప్తంగా: ఆపరేటింగ్ సిస్టమ్ పని మొదలుపెట్టేసరికి కంప్యూటర్లోని చాలా పరికరాలు అప్పటికే ఆన్‌లో ఉంటాయి. వాటిని ఆన్ చేసింది ఫర్మ్‌వేర్, అంటే యంత్రంలోనే ముందుగా నింపి ఉండే ప్రోగ్రాము. వాటిలో దేన్ని ఎప్పుడు ఆపితే ప్రమాదం లేదో తెలుసుకోవడమే అసలు చిక్కు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ చిక్కును ఏళ్ల తరబడి గడువులు పెట్టి గట్టెక్కించింది. 2020 నుంచి పరికరాల మధ్య సంబంధాల ఆధారంగా తేల్చడం మొదలుపెట్టింది. ఆ మార్పు ఇంకా సాగుతూనే ఉంది.

విశాఖపట్నంలో వేసవి కోతలకూ తుపాను గాలులకూ కరెంటు పోవడం, వచ్చాక కంప్యూటర్లు మళ్లీ బూట్ కావడం అందరికీ అలవాటైన విషయమే. ఆ బూట్ చుట్టూ కొన్ని ఫిర్యాదులు తరచుగా వినిపిస్తుంటాయి. ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా వైఫై పని చేయదు, రీస్టార్ట్ చేస్తే మాత్రం చేస్తుంది. కొత్త లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో పరికరాలను నడిపే మూల భాగం) వేశాక తెరపై లోగో కనిపించి, మధ్యలో అంతా నల్లబడుతుంది. ఇంజినీరింగ్ విద్యార్థి ప్రాజెక్టు కోసం కొన్న చిన్న బోర్డు (ఒకే పలకపై కట్టిన కంప్యూటర్) ఒకసారి సజావుగా బూట్ అవుతుంది, మరోసారి సగంలో బిగుసుకుపోతుంది. వీటిని చాలామంది వైరస్‌కో, చెడిపోయిన భాగానికో అంటగడతారు. ఎక్కువ సందర్భాల్లో మూలం వేరే చోట ఉంటుంది. ఏ పరికరం ఏ విద్యుత్ స్థితిలో ఉందన్న విషయంలో ఫర్మ్‌వేర్, కెర్నెల్, డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) ఒక మాట మీద లేకపోవడమే ఆ మూలం.

కెర్నెల్ రాకముందే జరిగిపోయేవి

పవర్ బటన్ నొక్కిన వెంటనే ప్రాసెసర్ పని మొదలుకాదు. ముందు విద్యుత్తును నియంత్రించే చిప్ ఒక్కో వోల్టేజీ లైనును నిర్ణీత క్రమంలో పైకి తెస్తుంది. ఆ తర్వాతే ప్రాసెసర్ తనలో శాశ్వతంగా రాసి ఉన్న చిన్న ప్రోగ్రామును నడుపుతుంది. అది బూట్‌లోడర్‌ను (కెర్నెల్‌ను మెమరీలోకి తెచ్చే ప్రోగ్రామును) గానీ, పీసీల్లో వాడే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్‌ను గానీ పిలుస్తుంది. కెర్నెల్‌ను నిల్వ నుంచి చదవాలి కాబట్టి ఫర్మ్‌వేర్ ఆ నిల్వ పరికరాన్ని ఆన్ చేస్తుంది. లోగో చూపాలి కాబట్టి తెరను ఆన్ చేస్తుంది. వినియోగదారు ఏదైనా మీట నొక్కవచ్చు కాబట్టి యూఎస్‌బీని కూడా ఆన్ చేస్తుంది.

ఆన్ చేయడమంటే ఒక్క స్విచ్ వేయడం కాదు. చిప్‌లోని ప్రతి భాగానికీ సరైన వోల్టేజీ అందాలి, పని లయను నిర్దేశించే క్లాక్ సంకేతం రావాలి, రీసెట్ (ఆరంభ స్థితిలో నిలిపి ఉంచడం) నుంచి విడుదల కావాలి. ఫోన్లలోనూ చిన్న బోర్డుల్లోనూ వాడే చిప్‌లలో అనేక భాగాలను కలిపి ఒక పవర్ డొమైన్‌గా కడతారు. ఆ డొమైన్‌కు కరెంటు తీస్తే అందులోని భాగాలన్నీ ఒకేసారి ఆరిపోతాయి. ఇదంతా కెర్నెల్ మొదటి ఆదేశం అమలయ్యేలోపే జరిగిపోతుంది. ఏవి ఆన్‌లో వదిలానో, ఎందుకు వదిలానో ఫర్మ్‌వేర్ పూర్తిగా చెప్పే ఏర్పాటు చాలా వ్యవస్థల్లో లేదు.

పీసీల ప్రపంచం ఈ సమస్యను కొంత ముందే గుర్తించింది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఏపీఎం పద్ధతిలో విద్యుత్ నిర్ణయాలు ఎక్కువగా బయాస్ అనే పీసీ ఫర్మ్‌వేర్ చేతిలోనే ఉండేవి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకుండానే పరికరాలు నిద్రలోకి జారుకునేవి. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా విడుదల చేసిన ఏసీపీఐ అనే ప్రమాణం ఆ పెత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించింది. పరికరం పూర్తిగా పని చేస్తుంటే డి-0, పూర్తిగా ఆగితే డి-3, నడుమ మరో రెండు మెట్లు. ఆ డి-3లోనూ తర్వాత రెండు రకాలు వచ్చాయి. కరెంటు ఇంకా అందుతుంటే హాట్, అది కూడా తీసేస్తే కోల్డ్.

ఈ మెట్లు ఎక్కడానికి సమయం పడుతుంది. వైఫై, గ్రాఫిక్స్ కార్డుల వంటివాటిని కలిపే పీసీఐ ప్రమాణం ప్రకారం డి-3 హాట్ నుంచి డి-0కి తెచ్చిన పరికరాన్ని 10 మిల్లీసెకన్ల దాకా ముట్టుకోకూడదు. కరెంటు పూర్తిగా తీసి మళ్లీ ఇస్తే, రీసెట్ ముగిశాక మామూలుగా 100 మిల్లీసెకన్లు ఆగాలి. బూట్ వేగం కోసం ఈ విరామాలను కుదించిన డ్రైవర్లే కొన్ని యంత్రాల్లో పని చేసి, కొన్నింటిలో మొరాయిస్తాయి.

కాగితంపై ఒక స్థితి, చిప్‌లో మరో స్థితి

ఆగి ఉన్న పరికరాన్ని పలకరిస్తే ఏమవుతుందన్నది చిప్‌ను బట్టి మారుతుంది. పీసీలో కరెంటు లేని పీసీఐ పరికరాన్ని చదివితే సాధారణంగా అన్ని బిట్లూ ఒకట్లుగా వస్తాయి. సమాధానం అర్థరహితమే అయినా యంత్రం నడుస్తూనే ఉంటుంది. ఫోన్లలో, చిన్న బోర్డుల్లో ఉండే ఆర్మ్ చిప్‌లు చాలావాటిలో అంత మన్నన ఉండదు. క్లాక్ ఆగిన భాగంలోని రిజిస్టర్‌ను (దాని అమరికలు ఉండే చిన్న గడిని) ప్రాసెసర్ చదవబోతే జవాబు కోసం బస్ (భాగాలను కలిపే దారి) అలాగే వేచి ఉండిపోవచ్చు, లేదా కెర్నెల్ కుప్పకూలవచ్చు. చిన్న బోర్డు ఏ దోష సందేశమూ లేకుండా సగంలో ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. సందేశం రాయాల్సిన ప్రాసెసరే ఆ జవాబు కోసం నిలబడిపోయింది మరి.

అందుకే ఏది ఏ స్థితిలో ఉందో కెర్నెల్ ఒక లెక్క పెట్టుకోవాలి. లినక్స్‌లో ఈ పనికి రన్‌టైమ్ పీఎం (యంత్రం నడుస్తుండగానే పరికరాలను నిద్రపుచ్చి, లేపే పద్ధతి) అనే ఏర్పాటు 2009 డిసెంబరులో వచ్చిన 2.6.32 కెర్నెల్‌తో చేరింది. దాని రూపకర్తల్లో ప్రధానుడు రఫాయెల్ వైసోకీ. ప్రతి పరికరానికీ ఒక వాడకపు సంఖ్య ఉంటుంది. పని ఉన్నవారు దాన్ని ఒకటి పెంచుతారు, పని అయ్యాక తగ్గిస్తారు, సున్నాకు చేరితే పరికరాన్ని నిద్రపుచ్చవచ్చు.

బూట్ సమయంలో ఈ లెక్క ఎలా మొదలవుతుందన్నదే కీలకం. లినక్స్ ప్రతి పరికరాన్నీ మొదట ‘నిద్రలో ఉంది’ అనే నమోదు చేస్తుంది, ఆ పరికరానికి రన్‌టైమ్ పీఎంను నిలిపి ఉంచుతుంది. నిజానికి ఫర్మ్‌వేర్ దాన్ని మేల్కొలిపి ఉండవచ్చు. పరికరం మేలుకునే ఉందని డ్రైవర్ ముందు సరిదిద్ది, ఆ తర్వాతే రన్‌టైమ్ పీఎంను ప్రారంభించాలి. ఈ రెండు పనుల క్రమం తప్పితే లెక్క మొదటి రోజే తప్పుతుంది.

తప్పు రెండు వైపులా జరగవచ్చు, నష్టం మాత్రం సమానం కాదు. ఆన్‌లో ఉన్నదాన్ని ఆఫ్ అని రాసుకుంటే అది ఎవరికీ పట్టకుండా కరెంటు తాగుతూ ఉంటుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది. ఆఫ్‌లో ఉన్నదాన్ని ఆన్ అని రాసుకుంటే డ్రైవర్ నేరుగా దాన్ని తాకుతుంది, యంత్రం బిగుసుకుపోతుంది. మొదటిది నెలల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు. రెండోది అప్పటికప్పుడే బయటపడుతుంది. అందుకే డ్రైవర్ రాసేవారు సహజంగా ఆన్‌లో వదిలేయడం వైపే మొగ్గుతారు.

కెర్నెల్‌లోనూ ఈ జాగ్రత్త కనిపిస్తుంది. పీసీఐ పరికరాలకు డ్రైవర్ తగిలే ముందు కెర్నెలే వాడకపు సంఖ్యను పెంచి మేల్కొలిపి ఉంచుతుంది. వినియోగదారు వైపు నుంచి అనుమతి వచ్చేదాకా వాటిని రన్‌టైమ్‌లో నిద్రపోనివ్వదు. యూఎస్‌బీలో హబ్‌లకు మాత్రమే తమంతట తాము నిద్రపోయే వీలు మొదటి నుంచీ ఉంటుంది. మిగతావాటికి డ్రైవరో, వినియోగదారో అనుమతించాలి. అనుమతించాక మామూలుగా 2 సెకన్లు పని లేకపోతే నిద్రపోతాయి. సరిగా మేలుకోని మౌస్‌లు, కీబోర్డులు మార్కెట్లో ఎక్కువగా ఉండటమే ఈ ముందుజాగ్రత్తకు కారణం.

‘ఎవరూ వాడటం లేదు’ అనే తీర్పు

ఇంతవరకూ చెప్పింది ఒక్కో పరికరం సంగతి. వాటికి క్లాక్‌నూ వోల్టేజీనీ అందించే భాగాల దగ్గర సమస్య ఇంకా లోతుగా ఉంటుంది, ఎందుకంటే ఒకే క్లాక్‌పై, వోల్టేజీని సరిచేసి అందించే ఒకే రెగ్యులేటర్‌పై అనేక పరికరాలు ఆధారపడతాయి. ఫర్మ్‌వేర్ ఆన్‌లో వదిలిన వాటన్నిటినీ అలాగే ఉంచితే కరెంటు వృథా. అందుకని లినక్స్ కెర్నెల్ తన ప్రారంభ ప్రక్రియ చివర ఒక ఊడ్పు చేపడుతుంది. చిప్‌లో ఆన్‌లో ఉండి, ఏ డ్రైవరూ అడగని క్లాక్‌లను వరుసగా ఆపేస్తుంది. పవర్ డొమైన్లకూ, రెగ్యులేటర్లకూ ఇలాంటి ఊడ్పులే ఉన్నాయి.

ఈ పద్ధతి వెనుక ఒక నమ్మకం దాగి ఉంది: ఆ సమయానికి రావలసిన డ్రైవర్లన్నీ వచ్చేసి ఉంటాయని. డ్రైవర్లను కెర్నెల్‌లోనే కలిపి కట్టిన రోజుల్లో అది చాలావరకు నిజం. డ్రైవర్లు విడి మాడ్యూళ్లుగా (అవసరమైనప్పుడు కెర్నెల్‌కు చేర్చే ఫైళ్లుగా) డిస్క్‌పై ఉన్నప్పుడు నిజం కాదు. డిస్క్ మౌంట్ కాకముందే (చదవడానికి సిద్ధం కాకముందే) ఊడ్పు పూర్తయిపోతుంది. తెర డ్రైవర్ ఇంకా డిస్క్‌లోనే ఉంది, తెరకు అందే క్లాక్‌ను ఎవరూ అడగలేదు, కెర్నెల్ దాన్ని ఆపేసింది, లోగో మాయమైంది. కొత్త కెర్నెల్ వేశాక తెర నల్లబడిందనే ఫిర్యాదుల్లో ఒక రకానికి కారణం ఇదే. తర్వాత డ్రైవర్ వచ్చి తెరను మొదటి నుంచి సిద్ధం చేస్తే బొమ్మ తిరిగి వస్తుంది. ఫర్మ్‌వేర్ చేసిన ఏర్పాటు అలాగే ఉంటుందని ఆ డ్రైవర్ నమ్ముకుంటే రాదు.

దీనికి అందరూ చేసే మొదటి చికిత్స, వాడకంలో లేని క్లాక్‌లనూ డొమైన్లనూ వదిలేయమని కెర్నెల్‌కు చెప్పే బూట్ ఆప్షన్లు పెట్టడం. తెర వెంటనే వెలుగుతుంది. లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి ఈ ఆప్షన్లు మంచి సాధనాలు. వాటిని శాశ్వతంగా ఉంచేయడం మాత్రం సరికాదు. ఏ డ్రైవర్ ఏ క్లాక్‌ను అడగడం మరచిపోయిందో అలా ఎప్పటికీ బయటపడదు, బ్యాటరీపై నడిచే యంత్రానికి ఆ భారం ప్రతి రోజూ పడుతుంది.

రెగ్యులేటర్ల విషయంలో మరో సర్దుబాటు జరిగింది. ఊడ్పును వెంటనే చేయకుండా 30 సెకన్లు వాయిదా వేశారు, ఆలోపు మాడ్యూళ్లు వచ్చేస్తాయన్న ఆశతో. పెళ్లి విందులో ఎవరు భోంచేశారో, ఎవరు చేయలేదో చూడకుండా రాత్రి పది కాగానే పొయ్యిలు ఆర్పేయడం లాంటిది ఇది. చుట్టాలంతా ముందే తినేస్తే అప్పటిదాకా మండిన గ్యాస్ వృథా, ఆలస్యంగా రైలు దిగినవారికి అన్నం ఉండదు. నెమ్మది మెమరీ కార్డు నుంచి బూట్ అయ్యే బోర్డుకు 30 సెకన్లు చాలకపోవచ్చు, వేగంగా లేచే ఫోనుకు అది అనవసరమైన నిరీక్షణ.

ఇంతకుముందే, 2012లో వచ్చిన 3.4 కెర్నెల్‌లో, ఒక డ్రైవర్ తనకు కావలసిన క్లాకో రెగ్యులేటరో ఇంకా సిద్ధంగా లేకపోతే ‘తర్వాత వస్తాను’ అని వెనుదిరిగే వీలు కల్పించారు. కెర్నెల్ దాన్ని మళ్లీ మళ్లీ పిలుస్తుంది. ఆన్ చేసే క్రమం దీనితో చాలావరకు చక్కబడింది. ఆపే వేళ ఎప్పుడన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

గడువును వదిలి జాబితాను పట్టుకోవడం

ఆ ప్రశ్నను తప్పించుకోలేని స్థితికి తెచ్చింది ఆండ్రాయిడ్. ఫోన్ల తయారీదారులంతా ఒకే ఉమ్మడి కెర్నెల్‌ను వాడాలని గూగుల్ నిర్ణయించింది. ఆండ్రాయిడ్ 12తో, 5.10 లేదా ఆపై కెర్నెల్‌తో విడుదలయ్యే ఫోన్లకు ఆ నియమం వర్తించింది. చిప్‌కు ప్రత్యేకమైన డ్రైవర్లు దాదాపు అన్నీ మాడ్యూళ్లుగా విడిపోయాయి. ప్రారంభ ప్రక్రియ ముగిసేసరికి ఒక్క ముఖ్యమైన డ్రైవరూ వచ్చి ఉండదు. పాత ఊడ్పును అలాగే నడిపితే ఫోను బూట్ అవ్వడమే కష్టం.

పరిష్కారానికి కావలసిన సమాచారం చాలాకాలంగా కళ్లెదుటే ఉంది. ఆర్మ్ బోర్డుల్లో ఏ పరికరం ఏ క్లాక్‌పై, ఏ రెగ్యులేటర్‌పై, ఏ డొమైన్‌పై ఆధారపడుతుందో డివైస్ ట్రీ అనే వివరణ ఫైలులో రాసి ఉంటుంది. గూగుల్‌లో పని చేసిన శరవణ కన్నన్ ఈ సంబంధాలను బూట్ మొదట్లోనే చదివి, ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య లంకెలు వేసే మార్పులు చేశారు. ఒక రెగ్యులేటర్‌పై ఆధారపడిన పరికరాలన్నిటికీ డ్రైవర్లు తగిలిన తర్వాతే ‘ఇక నీ స్థితిని నిజమైన అవసరానికి సర్దుకో’ అని దానికి కబురు వెళుతుంది. సింక్ స్టేట్ అని పిలిచే ఈ కబురు 2020 జనవరిలో వెలువడిన 5.5 కెర్నెల్‌లో చేరింది. లంకెలు వేసే పద్ధతిని అందరికీ డిఫాల్ట్‌గా పెట్టడం తేలిక కాలేదు. 5.12లో ప్రయత్నించి, కొన్ని బోర్డులు బూట్ కాకపోవడంతో వెనక్కి తగ్గి, 2021 జూన్‌లో వచ్చిన 5.13లో స్థిరపరిచారు.

దీని విలువ ఆపడంలో కంటే తగ్గించడంలో బాగా తెలుస్తుంది. ఒకే రెగ్యులేటర్‌పై రెండు భాగాలు ఉన్నాయనుకుందాం. ఒకదానికి తక్కువ వోల్టేజీ చాలు, రెండోదానికి ఎక్కువ కావాలి. మొదటిదాని డ్రైవర్ ముందు వచ్చి తక్కువ అడిగితే, ఇంకా డ్రైవర్ రాకపోయినా పని చేస్తూనే ఉన్న రెండో భాగం దెబ్బతింటుంది. మెమరీకి దారితీసే అంతర్గత మార్గాల్లోనూ ఇంతే. ఫర్మ్‌వేర్ వెలిగించిన తెర క్షణక్షణం మెమరీ నుంచి బొమ్మను చదువుతుంటుంది. ఆ మార్గం సామర్థ్యాన్ని ముందే కుదిస్తే తెర చెదిరిపోతుంది. అందుకే ఈ మార్గాలను లినక్స్ అందరూ వచ్చేదాకా గరిష్ఠ సామర్థ్యంలో ఉంచుతుంది. పవర్ డొమైన్లకు ఇదే పద్ధతి సాధారణ రూపంలో 2025లో 6.17 కెర్నెల్‌తో వచ్చింది.

జాబితా పద్ధతికీ ఒక బలహీనత ఉంది. ట్రీలో రాసి ఉన్న పరికరానికి అసలు డ్రైవరే లేకపోతే సింక్ స్టేట్ కబురు ఎన్నటికీ వెళ్లదు, రెగ్యులేటర్ అప్పటిదాకా ఉన్న స్థితిలోనే ఉండిపోతుంది. అలాంటివాటి కోసం గడువు దాటితే వదిలేయమనే ఆప్షన్ కూడా పెట్టారు. అంటే గడువు పూర్తిగా పోలేదు, జాబితా విఫలమైన చోట అక్కరకొచ్చే రెండో మార్గంగా మిగిలింది.

విండోస్‌లో షట్‌డౌన్, రీస్టార్ట్ ఒకటి కావు

విండోస్ నడిచే పీసీల్లో క్లాక్‌లూ రెగ్యులేటర్లూ ఎక్కువగా ఏసీపీఐ తెర వెనుకే ఉంటాయి. బస్ డ్రైవర్ పరికరాన్ని డి-0కి తెచ్చాకే దాని డ్రైవర్‌కు అప్పగిస్తుంది. గందరగోళం వేరే చోట మొదలవుతుంది. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. ఇది పని చేస్తున్న యంత్రంలో షట్‌డౌన్ నొక్కితే వినియోగదారు సెషన్ మూతపడుతుంది కానీ, కెర్నెల్ స్థితి డిస్క్‌పై నిల్వ అవుతుంది. తిరిగి ఆన్ చేసినప్పుడు డ్రైవర్లు కొత్తగా మొదలవవు, నిన్నటి జ్ఞాపకంతోనే లేస్తాయి. పరికరం మాత్రం కరెంటు పూర్తిగా కోల్పోయి లేస్తుంది. డ్రైవర్ దాని రిజిస్టర్లన్నిటినీ మళ్లీ నింపాలి. ఒకటి మరిచినా వైఫై కనబడదు. రీస్టార్ట్‌లో కెర్నెల్, డ్రైవర్లు మొదటి నుంచి బూట్ అవుతాయి కాబట్టి సమస్య పోతుంది. షట్‌డౌన్ చేసి గోడ దగ్గర స్విచ్ ఆపినా ఇందులో తేడా రాదు, నిల్వ చేసిన స్థితి డిస్క్‌పైనే ఉంటుంది కనుక. ఈ తీరు పదేపదే ఎదురైతే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి చూడటం, వైఫై డ్రైవర్‌ను కొత్తది చేయడం సరైన మార్గాలు.

కరెంటు తిరిగి వచ్చిన నిమిషం

స్థితుల లెక్క ఎంత సరిగ్గా ఉన్నా, తీగలో వచ్చే కరెంటు చాలకపోతే బూట్ నిలవదు. యూఎస్‌బీ 2.0 పరికరం తనను సిస్టమ్ గుర్తించి అనుమతించే వరకు 100 మిల్లీ ఆంపియర్లు మించి తీసుకోకూడదు, ఆ తర్వాత 500 వరకు తీసుకోవచ్చు. రాస్‌బెర్రీ పై 5 బోర్డు 5 ఆంపియర్ల అడాప్టర్ ఉందని నిర్ధారించుకుంటేనే తన యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.6 ఆంపియర్లు ఇస్తుంది. లేకపోతే 600 మిల్లీ ఆంపియర్లకే పరిమితం చేస్తుంది. పాత ఫోను చార్జర్‌తో నడిపే విద్యార్థులకు బయటి హార్డ్‌డిస్క్ బూట్ మధ్యలో మాయమవడానికి ఇదొక కారణం. ఈ బోర్డుల్లో వోల్టేజీ సుమారు 4.63 వోల్టులకు దిగితే వచ్చే హెచ్చరికను పట్టించుకోకుండా డ్రైవర్లను నిందించడం సమయం వృథా.

కళాశాల ల్యాబుల్లో ఇదే సమస్య పెద్ద కొలతలో కనిపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక విశాఖలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి అంతరాయం తర్వాతైనా, అరగంట కోత తర్వాతైనా, కరెంటు రాగానే అన్ని యంత్రాలూ ఒకేసారి లేస్తే ఆ మొదటి క్షణాల్లో లాగే కరెంటు మామూలు కంటే చాలా ఎక్కువ. వోల్టేజీ కుంగి మరోసారి పోయే అవకాశం ఉంటుంది. బయాస్‌లో కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే అమరిక ఉంటుంది. దాన్ని ‘ఆఫ్‌లోనే ఉండు’ అని పెట్టి, యంత్రాలను వరుసల వారీగా ఆన్ చేయడం ల్యాబులకు మేలు. సర్వర్లు ఈ పనిని తమంతట తామే చేస్తాయి. పెద్ద హార్డ్‌డిస్క్ ఒకటి తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైనుపై 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, తిరిగాక అందులో కొంతే చాలు. అందుకే సర్వర్ డిస్కులను ఒకదాని తర్వాత ఒకటిగా తిప్పుతుంది. 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్‌ను విశాఖకు ప్రకటించాక డేటా సెంటర్ల కరెంటుపై నగరంలో చర్చ పెరిగింది. అంత పెద్ద చోట వేలాది సర్వర్లు ఏ వరుసలో లేవాలన్నది కూడా ఆ చర్చలో భాగం కావలసిన విషయమే.

కారణాన్ని ఎలా పట్టుకోవాలి

లినక్స్ బోర్డుపై పని చేసేవారికి ఊహతో డ్రైవర్లు మార్చే అవసరం ఇప్పుడు తక్కువ. సింక్ స్టేట్ కబురు ఏ పరికరం వల్ల ఆగిందో కొత్త కెర్నెళ్లు తమ లాగ్‌లో ఆ పరికరం పేరుతో సహా రాస్తాయి. ‘తర్వాత వస్తాను’ అని వెళ్లి ఇంకా రాని డ్రైవర్ల జాబితా లోపాలు వెతకడానికి కెర్నెల్ చూపే డీబగ్ ఫైళ్లలో దొరుకుతుంది. క్లాక్‌లు, రెగ్యులేటర్లు, పవర్ డొమైన్లకు వేర్వేరు సారాంశ పట్టికలు అక్కడే ఉంటాయి. తెర నల్లబడిన బోర్డులో వదిలేయమనే ఆప్షన్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి బూట్ చేసి, తెర లేకున్నా బోర్డుతో మాట్లాడించే సీరియల్ తీగ ద్వారా ఆ పట్టికలను రెండుసార్లూ తీసుకుని పోల్చాలి. మొదటిదానిలో ఆన్‌లో ఉండి, రెండోదానిలో ఆగిన క్లాక్‌లలోనే దోషి ఉంటుంది. ఆ క్లాక్‌ను తెర పరికరం పేరు కింద డివైస్ ట్రీలో రాయడం మరచిపోయారా, లేక రాసినా డ్రైవర్ అడగడం లేదా అన్నది ఆపై తేలుతుంది. మొదటిదైతే ట్రీలో ఒక వరుస చేర్చాలి, రెండోదైతే డ్రైవర్‌ను సరిదిద్దాలి.